నిద్రలో అవిధేయత

రాష్ట్ర ధాన్య గిడ్డంగుల మండలిలో కాపలాదారు ఉద్యోగానికి చదువు అక్కర్లేదు, మీసం కావాలి. ఇది ఎవరో వేళాకోళానికి అన్న మాట కాదు. "కాపలాదారు చూపరులకు జంకు పుట్టించు మీసము కలిగియుండవలెను" అని మండలి నియమావళిలో స్పష్టంగా ఉంది. ఏటా ఒకసారి ప్రాంతీయ కార్యాలయం నుంచి గుమాస్తా స్కేలు పట్టుకొచ్చి మీసం కొలుచుకుని వెళ్తాడు. కొలత తగ్గకపోతే జీతంతోపాటు మీసం భత్యం కూడా వస్తుంది. తనకు మీసం సరిగ్గా మొలవలేదన్న కసితో ఎవరో దొర పెట్టిన నియమం అంటారు. నిజమో కాదో గానీ, తర్వాత వచ్చినవాళ్లెవరూ దాని జోలికి పోలేదు. మండలిలో ఒక నియమాన్ని తీసెయ్యాలంటే అది ఎందుకు పెట్టారో ముందు తేల్చాలి. తేల్చగలిగినవాళ్లు ఎప్పుడో కాలం చేశారు.

తాళ్లరేవుపాడు గిడ్డంగి కాపలాదారు పుల్లేశుకు ఈ నియమం అచ్చొచ్చింది. మనిషి దిట్టం గానీ గొంతు మరీ సన్నం. చీకట్లో "ఎవరక్కడ" అని గద్దిస్తే, కాలవ గట్టున పోయేవాళ్లు ఎవరో ఆడకూతురు పిలుస్తోందనుకుని, "ఏమ్మా, ఏం కావాలి?" అని దగ్గరికొచ్చేవారు. దగ్గరికొచ్చి లాంతరు వెలుగులో ఆ మీసం చూశాక మళ్లీ వెనక్కి నడిచేవారు. రెండు కొనలూ చెవులకేసి దూసుకుపోతూ, మధ్యలో ముక్కు ఉందా లేదా అనిపించేంత దట్టంగా ఉండేది. పెళ్లిచూపుల నాడు నూకరత్నం కూడా ముందు దాన్నే చూసి సరేనంది. మనిషి సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకున్నట్టుంది. పుల్లేశుకు ఆ మీసమంటే ప్రాణం. అది లేకపోతే తను ఒట్టి సన్న గొంతేనని అతనికి బాగా తెలుసు.

అతనికి ఉన్న ఒకే ఒక్క చిక్కు నిద్ర. రాత్రంతా కాపలా కాసి పొద్దున్నే గిడ్డంగి పక్కనున్న క్వార్టర్‌లో నడుం వాలిస్తే, ధాన్యం మర పెట్టినట్టు గురక మొదలయ్యేది. అది నూకరత్నానికి అలవాటైపోయింది. ఆమె భయమంతా గురక ఆగినప్పుడు. ఉన్నట్టుండి గురకా ఊపిరీ రెండూ ఆగిపోయేవి. ఆమె చేస్తున్న పని వదిలేసి వచ్చి, "మావా, మావా" అని డొక్కలో పొడిచేది. అతను ఉలిక్కిపడి గుటక వేసి మళ్లీ అందుకునేవాడు. అలా పగలంతా పడుకున్నా నిద్రపోయినట్టుండేది కాదు. దాంతో రాత్రి డ్యూటీలో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునుకుపాట్లు పడేవాడు.

ఈ పరిస్థితుల్లో మండలి మేనేజింగ్ డైరెక్టరు వాచస్పతి గారు ఆకస్మిక తనిఖీకి దయచేశారు. గేటు దగ్గర కారు దిగి, లోపల అనుమతి లేకుండా మిల్లు నడుస్తోందని మండిపడ్డారు. తీరా వెళ్లి చూస్తే అది పుల్లేశు. ఇంకొకరైతే అక్కడికక్కడే ఉద్యోగం పీకేసేవారు. వాచస్పతి గారు మాత్రం చెమర్చిన కళ్లతో చూశారు. ఆయనకు కూడా అదే జబ్బు ఉండేది. ఈ మధ్యే ఒక యంత్రం కొనుక్కుని, ముఖానికి తొడుగు తగిలించుకుని, హాయిగా పడుకుంటున్నారు. మన దేశంలో ఒక మందు పనిచేసినవాడు దాన్ని తన ఒక్కడితో ఆపుకోలేడు. ఇంటిపక్కవాడికి చెబుతాడు, బస్సులో కూర్చున్నవాడికి చెబుతాడు. ఆ చెప్పేవాడు మేనేజింగ్ డైరెక్టరైతే అది పథకం అవుతుంది.

అలా పుట్టింది "కాపలాదారుల నిద్రా నాణ్యతాభివృద్ధి పథకం". పగలు బాగా నిద్రపోయినవాడే రాత్రి బాగా మేలుకుంటాడు కనుక, రాష్ట్రంలోని కాపలాదారులందరికీ తలా ఒక స్వయంసర్దుబాటు శ్వాస యంత్రం ఇవ్వాలని మండలి తీర్మానించింది. ప్రారంభోత్సవంలో వాచస్పతి గారు మాట్లాడుతూ, ఇది మామూలు యంత్రం కాదనీ, పడుకున్నవాడి ఊపిరిని కనిపెట్టి, కావలసినప్పుడు గాలి పెంచి, అక్కర్లేనప్పుడు తగ్గిస్తుందనీ చెప్పారు. దీన్ని ఎవరూ సర్దక్కర్లేదు, అదే సర్దుకుంటుంది అన్నారు. ఈ చివరి మాట ప్రాంతీయ అధికారి దక్షిణామూర్తి గారి మనసులో బాగా నాటుకుంది. మర్నాడే ఆయన ఉత్తర్వు తీశారు. "యంత్రము స్వయముగా సర్దుకొనును. కావున దానిని మరి ఎవ్వరును సర్దరాదు."

పుల్లేశు కూడా మొదట సంబరపడ్డాడు. జన్మలో ఒక్కసారైనా కడుపునిండా నిద్రపోవాలని అతనికీ ఉంది. నూకరత్నం యంత్రానికి పసుపు రాసి, బొట్టుపెట్టి, మంచం పక్కన పీట మీద పెట్టింది. తొడుగును ముక్కూ నోరూ కప్పేలా తగిలించి, పట్టీలు తల వెనక బిగించింది. అసలు చిక్కు అక్కడే వచ్చింది. తొడుగు చర్మానికి అతుక్కుంటే తప్ప గాలి లోపల నిలవదు. పుల్లేశు ముఖం మీద తొడుగుకీ చర్మానికీ మధ్య మండలి గుర్తింపు పొందిన మీసం ఉంది.

కళ్లు మూతపడగానే మీసం సందుల్లోంచి గాలి సుయ్యిమని బయటికి కొట్టింది. తను పంపిన గాలి ఏమైపోతోందో యంత్రానికి అంతుపట్టలేదు. మనిషికి ఊపిరాడటం లేదు కాబోలనుకుని కాస్త పెంచింది. పెంచిన కొద్దీ తొడుగు పైకి లేచింది. లేచిన కొద్దీ గాలి ఇంకా కారింది. కారిన కొద్దీ యంత్రం ఇంకా పెంచింది. కాసేపటికి పుల్లేశు బుగ్గలు బూరల్లా ఉబ్బి, మీసం కొనలు రెండూ రెపరెపలాడుతుంటే, నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడిపోయింది. నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

ఎప్పుడైనా తొడుగు నిలిచిందంటే ఇంకో అవస్థ. ముందు ఊపిరి ఆగాలి. ఆగిందని యంత్రం గమనించాలి. గమనించినది నిజమేనా అని మళ్లీ చూసుకోవాలి. ఆ తర్వాత కొద్దికొద్దిగా గాలి పెంచాలి. ఈ పద్ధతి మండలికి కొత్తది కాదు, ఫైళ్లన్నీ అలాగే నడుస్తాయి. ఈలోగా పుల్లేశు ఉక్కిరిబిక్కిరై తనంతట తనే లేచి కూర్చునేవాడు. అతను లేచి కూర్చున్నాక యంత్రం పూర్తి ఉత్సాహంతో గాలి కొట్టేది. ఆ గాలి సగం ఊపిరితిత్తుల్లోకీ సగం పొట్టలోకీ పోయేది. మధ్యాహ్నానికి పొట్ట ఉబ్బి, తిండి సయించక, వీధి చివరికి వినపడేలా తేన్చుకుంటూ తిరిగేవాడు. ఒక్క వారంలో కళ్ల కింద గుంటలు పడ్డాయి.

నూకరత్నం ఊరుకోలేదు. మొగుణ్ణి వెంటబెట్టుకుని టౌనులో డాక్టర్ లలితాంబిక గారి దగ్గరికి వెళ్లింది. ఆవిడ అంతా విని, ఇలా తనంతట తానే పెంచుకునే యంత్రం అందరికీ పడదమ్మా అంది. ఎంత గాలి కావాలో పరీక్ష చేసి చూసి, ఒకే మట్టంలో పెట్టి ఉంచితే కొందరికి హాయిగా ఉంటుందని చెప్పింది. మీసం జోలికి పోకుండా ముక్కుపుటాలకు మాత్రమే ఆనించే చిన్న గొట్టాలు కూడా ఉన్నాయంది. నాలుగు మాటల్లో కాగితం మీద రాసి అధికారికి చూపించమంది.

దక్షిణామూర్తి గారు ఆ కాగితాన్ని రెండువైపులా తిప్పి చూశారు. ఆయన చెడ్డ మనిషి కాదు. నియమం ఎక్కడ ఉందో అక్కడే మెదడును కట్టేసుకోవడం అలవాటైపోయింది, అంతే. యంత్రాన్ని ఒకే మట్టంలో నిలిపెయ్యడం అంటే దాని స్వయంసర్దుబాటు అధికారాన్ని హరించడమేననీ, అలాంటి అధికార హరణకు తన స్థాయి చాలదనీ చెప్పారు. సొంత గొట్టాలు తెచ్చుకుంటే అది ప్రైవేటు ఊపిరి అవుతుందట, మండలి ఊపిరిలో ప్రైవేటు ఊపిరి కలపడానికి వీల్లేదట. డాక్టరమ్మ గారి పట్ల తనకు గౌరవమే గానీ ఆవిడ టెండర్లో పాల్గొనలేదు కదా అన్నారు.

"మరి ఊపిరాడట్లేదండి," అన్నాడు పుల్లేశు.

"అది నువ్వంటే కుదరదయ్యా. యంత్రం అనాలి."

యంత్రం అంటూనే ఉంది. అదే వచ్చిన గొడవ. పడుకున్నవాడి ఊపిరి లెక్కలన్నీ అది ఏ రోజుకారోజు గాల్లోంచే ప్రాంతీయ కార్యాలయానికి పంపిస్తుంది. గాలి ఎంత కారింది, ఊపిరి ఎన్నిసార్లు ఆగింది, తను ఎంత కష్టపడింది, అన్నీ అందులో ఉంటాయి. ఆ గీతలు చూసినవాడెవడికైనా యంత్రం మీద జాలి కలుగుతుంది. దక్షిణామూర్తి గారికీ కలిగింది. వెంటనే మెమో పంపారు.

"సదరు కాపలాదారు నిద్రించిన సమయమందు యంత్రము పలుమార్లు సర్దుకొనుటకు సంసిద్ధత వ్యక్తపరచినను, తాను లేశమాత్రమును సర్దుకొనక, నిద్రయందు అవిధేయత కనబరచినట్లు రుజువైనది. ఇందుకుగాను క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

ఆ సమయంలో తాను నిద్రలో ఉన్నాననీ, ఏం చేశానో తనకు తెలియదనీ పుల్లేశు సంజాయిషీ రాయించి పంపాడు. నిద్రలో ఉన్నానన్నది సాకు కాజాలదనీ, నిద్రపోవడమే అప్పటి డ్యూటీ అనీ జవాబొచ్చింది.

తర్వాత విచారణ జరిగింది. కార్యాలయంలోని పెద్దలు యంత్రాన్ని తనిఖీ చేసి నిర్దోషి అని తేల్చారు. తొడుగును తేల్చారు, పట్టీలను తేల్చారు. మిగిలింది మీసం. తక్షణం మీసం తొలగించాలని ఒక విభాగం రాసింది. తొలగిస్తే జంకు పుట్టించే నియమం భగ్నమవుతుందనీ, పైగా భత్యం ఇచ్చి పెంచిన మీసం కనుక అది మండలి ఆస్తి కిందికి వస్తుందనీ, మండలి ఆస్తిని గొరిగించే అధికారం ఎవరికీ లేదనీ ఇంకో విభాగం రాసింది. మీసం ఉంటే ఒక తప్పు, లేకపోతే ఇంకో తప్పు. ఏ తప్పూ లేకుండా బతకాలంటే పుల్లేశుకు రెండు ముఖాలు కావాలి.

ఇలాంటి చోట మండలి ఎప్పుడూ చేతులెత్తెయ్యదు, ఉపసంఘం వేస్తుంది. మీస యంత్ర సమన్వయ ఉపసంఘం పలుమార్లు సమావేశమై, టిఫిన్లు చేసి, చివరికి ఒక నిర్ణయానికి వచ్చింది. కాపలాదారుకు పగటి వేళ మీసం ఉండరాదు, రాత్రి వేళ ఉండి తీరాలి. ఇందుకోసం అంటించుకునే మీసాలకు టెండర్లు పిలవాలి. అవి వచ్చేలోగా, ఎవరి యంత్రం లెక్కలు వారంలోపు బాగుపడవో వారి సొంత మీసాన్ని తీయించి, సంచిలో కట్టి, చీటీ అంటించి, స్టోర్సులో జమ చెయ్యాలి. తాళ్లరేవుపాడుకు మంగలిని పంపే తేదీ కూడా ఖరారైంది.

ఆ ఉత్తర్వు అందుకున్న రోజు పుల్లేశు అన్నం ముట్టలేదు. గోడకున్న అద్దం ముందు నిలబడి మీసాన్ని ఒకటికి రెండుసార్లు దువ్వుకున్నాడు. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"పోతే పోనీ మావా. ఊపిరి కంటే ఎక్కువేంటి?" అంది నూకరత్నం. తనకూ ఆ మీసమంటే ఇష్టమే. కానీ ఊపిరాగిన మొగుడి పక్కన కూర్చోవడం ఎలా ఉంటుందో ఆమెకొక్కదానికే తెలుసు.

"మీసం తీసేస్తే ఊపిరాడుద్దని రాశారేంటే అందులో? లెక్క బాగుంటదని రాశారంతే," అన్నాడు పుల్లేశు.

ఆ పగలు తొడుగు పెట్టుకుని పడుకున్నాడే గానీ బెంగతో కంటిమీద కునుకు రాలేదు. ఒక్క పిసరు గాలి కారితే మీసానికి ముప్పు అనుకుని రెండు చేతులతో తొడుగును ముఖానికేసి అదిమి పట్టుకున్నాడు. సాయంత్రం దాకా పైకప్పు చూస్తూ, మెల్లగా పీలుస్తూ వదులుతూ గడిపాడు. ఆ రాత్రి కాపలాలో కుర్చీలో కూర్చోగానే ఒళ్లు తెలియలేదు. తెల్లారాక దక్షిణామూర్తి గారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఆయన గొంతులో తేనె ఉంది. నిన్న పగలు అద్భుతంగా నిద్రపోయావు పుల్లేశ్వర్రావ్, ఒక్కసారి కూడా ఊపిరి ఆగలేదు, గాలి చుక్క కారలేదు, యంత్రం కూడా చాలా ప్రశాంతంగా ఉంది అన్నారు.

పుల్లేశుకు నమ్మకం కుదరలేదు. మర్నాడు ఎందుకైనా మంచిదని నిజంగా నిద్రపోయి చూశాడు. తిట్టొచ్చింది. ఆ తర్వాతి రోజు మెలకువగా పడుకున్నాడు, మెచ్చుకోలొచ్చింది. సంగతి అర్థమైంది. ఊపిరి నిద్రలోనే కదా ఆగేది. నిద్రపోనివాడికి యంత్రం వంక పెట్టలేదు. మీసం దక్కాలంటే నిద్ర మానెయ్యాలి.

మానేశాడు. మంగలి పర్యటన రద్దయింది. ఈ కిటుకు ఇరుగుపొరుగు గిడ్డంగులకు పాకింది. ఎవరికి మాత్రం మీసం చేదు? జిల్లాలో కాపలాదారులందరూ పగలు తొడుగు అదిమి పట్టుకుని పైకప్పులు చూడటం మొదలుపెట్టారు. రాత్రుళ్లు గేటుకు తాళం వేసుకుని, ఏ తొడుగూ లేకుండా కుర్చీల్లో సొమ్మసిల్లేవారు. లెక్కలు మాత్రం దేదీప్యమానంగా వెలిగాయి. మండలి చరిత్రలో ఇంతమంది ఇంత బాగా ఎన్నడూ నిద్రపోలేదని వాచస్పతి గారు పత్రికల వారికి చెప్పారు. ఆయన మాటల్లో తప్పు లేదు, కాకపోతే వాళ్లు నిద్రపోయింది ఆయన అనుకున్న వేళ కాదు.

పుల్లేశు మాత్రం చిక్కిపోయాడు. ఊరికే ఉలిక్కిపడేవాడు. పగలు రాత్రిలా, రాత్రి పగల్లా ఉండేది. ఒకరోజు నూకరత్నాన్ని చూసి, "ఎవరక్కడ?" అన్నాడు. ఆమె మొదట నవ్వి, తర్వాత వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. మీసం కొనల వరకూ బాగానే ఉంది గానీ దాని వెనకున్న మనిషి కరిగిపోతున్నాడని అర్థమైంది ఆమెకు.

సరిగ్గా అప్పుడే పుల్లేశుకు రాష్ట్రస్థాయిలో ఉత్తమ నిద్రాపరుడి పురస్కారం ప్రకటించారు. మండలి వార్షికోత్సవంలో, మంత్రిగారి సమక్షంలో, వేదిక మీద మంచం వేసి, ఆదర్శ నిద్ర ఎలా ఉంటుందో అతని చేత ప్రదర్శింపజేయాలని వాచస్పతి గారు ముచ్చటపడ్డారు. యంత్రం చూపే గీతలు అందరికీ కనబడేలా పెద్ద తెర కట్టించారు. నూకరత్నానికి ముందు వరసలో కుర్చీ వేశారు.

మిట్టమధ్యాహ్నం సభ మొదలైంది. ప్రార్థన అయింది, స్వాగతోపన్యాసం అయింది. పుల్లేశును పూలదండతోనే మంచం మీద పడుకోబెట్టి, తొడుగు తగిలించారు. అతను అలవాటు చొప్పున రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. తెర మీద గీత నిండు కుండలోని నీళ్లలా నిశ్చలంగా సాగింది. సభ చప్పట్లు కొట్టింది. మంత్రిగారు తల పంకించారు. వాచస్పతి గారు మైకు అందుకుని ప్రసంగం మొదలుపెట్టారు.

ఆ ప్రసంగమే కొంప ముంచింది. చల్లటి ఏసీ, మెత్తటి పరుపు, "సమగ్ర దృక్పథంతో కూడిన బహుముఖ కార్యాచరణ" అంటూ ఒకే స్థాయిలో సాగిపోయే గొంతు. వారాల తరబడి సరైన నిద్ర ఎరగనివాడు ఎంతసేపు ఆగగలడు. పుల్లేశు చేతులు మెల్లగా జారి పక్కకు పడిపోయాయి. కళ్లు మూతపడ్డాయి. మరుక్షణం మీసం సందుల్లోంచి సుయ్యిమంది. యంత్రం పెంచింది. తొడుగు లేచింది. యంత్రం ఇంకా పెంచింది. మీసం కొనలు మంత్రిగారి వైపు ఒకటి, సభ వైపు ఒకటి రెపరెపలాడాయి. దండలోని బంతిపూల రేకలు ఎగిరి వాచస్పతి గారి కాగితాల మీద పడ్డాయి. వాటన్నిటి మీదుగా తాళ్లరేవుపాడు గురక హాలంతా మార్మోగింది.

తెర మీద గీతలు పిచ్చెక్కినట్టు గెంతుతున్నాయి. దక్షిణామూర్తి గారు మంచం దగ్గరికి వంగి, "పుల్లేశ్వర్రావ్, సరిగ్గా పడుకో. పెద్దలు చూస్తున్నారు," అని బతిమాలారు. వాచస్పతి గారు ప్రసంగం ఆపి, తెరను పరిశీలించారు. ఇన్నాళ్లుగా ఈయన నిద్రపోయినప్పటి లెక్కలు తమ దగ్గర ఉన్నాయనీ, వాటికీ వీటికీ పొంతనే లేదనీ, కనుక ఈయన ప్రస్తుతం నిద్రపోవడం లేదనీ సభకు వివరించారు. మరి గురకో అని మంత్రిగారు అడిగితే, నటన అన్నారు.

"నటనైతే మాత్రం, బాగా చేస్తున్నాడయ్యా," అన్నారు మంత్రిగారు.

నిద్రపోవడం లేదన్న సంగతి చెప్పడానికి అతన్ని లేపాలని నిర్ణయమైంది. ఇద్దరు గుమాస్తాలు భుజాలు పట్టి కుదిపారు. అతను కదల్లేదు. మొండితనం కూడా నమోదు చేసుకోమన్నారు దక్షిణామూర్తి గారు. అంతలో గురక ఆగింది. ఊపిరి ఆగింది. అధికారులంతా పరుగున వెళ్లి తెర చూశారు. నూకరత్నం మాత్రం మంచం దగ్గరికి వెళ్లింది. చెప్పులతోనే వేదిక ఎక్కి, తొడుగు పీకి అవతల పారేసి, మొగుడి డొక్కలో పొడిచి, రెండు చేతులతో పక్కకి ఒత్తిగిల్లేలా దొర్లించింది. పుల్లేశు ఒక గుటక వేసి ఊపిరి తీశాడు.

"బతికున్నాడో లేదో తెర మీద చూస్తారేంటండి? మనిషి ఇక్కడుంటే," అంది ఆమె తెర వైపు తిరిగున్న వాళ్లతో. పుల్లేశు కళ్లు తెరిచి, చుట్టూ చూసి, నిద్ర పట్టేసిందండి, క్షమించండి అన్నాడు. యంత్రం చెప్పినదానికి విరుద్ధంగా మాట్లాడాడని అదీ రాసుకున్నారు.

ఆ సాయంత్రమే అతన్ని సస్పెండ్ చేశారు. మంత్రిగారి సమక్షంలో నిద్ర నటించినందుకు.

ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చున్న పుల్లేశును నూకరత్నం లేవదీసి, నేరుగా డాక్టర్ లలితాంబిక గారి దగ్గరికి తీసుకెళ్లింది. సస్పెన్షన్‌లో ఉన్నవాడి ఊపిరి మీద మండలికి హక్కు లేదు. ఇక అది ప్రైవేటు ఊపిరే. డాక్టరమ్మ పరీక్ష చేసి, ఆసుపత్రిలో ఉన్న పాత యంత్రాన్నే ఒక మట్టంలో నిలిపి, ముక్కుపుటాలకు ఆనే చిన్న గొట్టాలు తగిలించి ఇచ్చింది. మీసం దాని దారిన అది ఉంది, గాలి దాని దారిన అది పోయింది. మర్నాడు పగలు పుల్లేశు పడుకున్నవాడు చీకటి పడ్డాక లేచాడు. లేచి, ఆకలేస్తోందన్నాడు. నూకరత్నం ఆ మాట విని ఎన్ని నెలలైందో. చేపల పులుసు పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది.

సస్పెండైన పుల్లేశు బుగ్గలు పూడాయనీ, మీసం నిగనిగలాడుతోందనీ ఆ నోటా ఈ నోటా తెలిసింది. తోటి కాపలాదారులు ఒక్కొక్కరే వచ్చి కళ్లారా చూసుకుని వెళ్లారు. ఆ వారంలో ప్రాంతీయ కార్యాలయానికి వింత దరఖాస్తులు వచ్చిపడ్డాయి. "అయ్యా, నేను కూడా చాలాకాలంగా నిద్ర నటించుచున్నాను. కావున దయతో నన్ను సస్పెండ్ చేయ ప్రార్థన." ఒకాయన తన సర్వీసు దృష్ట్యా తనకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా కోరాడు. ఇలా అయితే గిడ్డంగులకు కాపలా ఎవరు అని వాచస్పతి గారు బాగా ఆలోచించి, లోపం ఎక్కడుందో పట్టేశారు. పైవాళ్లు ఆదర్శంగా ఉండకపోతే కిందివాళ్లు ఎలా ఉంటారు? కాపలాదారుల యంత్రాలన్నీ వెనక్కి తీసుకుని, ప్రాంతీయ అధికారులకు తగిలించాలని ఉత్తర్వు వేశారు. కాపలాదారులను మునుపటిలా, మీసాలతో సహా, విధుల్లో ఉంచాలనీ, పుల్లేశును వెంటనే తిరిగి తీసుకోవాలనీ అన్నారు.

ఆ ఉత్తర్వు పట్టుకుని దక్షిణామూర్తి గారు ఒక మధ్యాహ్నం తాళ్లరేవుపాడు వచ్చారు. నూకరత్నం ఆయన్ని వెంటనే పోల్చుకోలేకపోయింది. బుగ్గల మీద పట్టీల వాతలు, కళ్ల కింద గుంటలు, చొక్కా గుండీలు పట్టనంతగా ఉబ్బిన పొట్ట. మాట మాటకీ మధ్య మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టుకుని తేన్చుతున్నారు. పుల్లేశ్వర్రావును ఉద్యోగంలోకి తీసుకుంటున్నామనీ, స్వయంగా సంతకం పెట్టి అందుకోవాలనీ, కాస్త లేపమనీ చెప్పారు.

"నిద్దరోతన్నారండి," అంది నూకరత్నం.

నిజంగా నిద్రేనా అని అడగబోయి, ఎందుకో ఆగిపోయారు ఆయన. తలుపు సందులోంచి తొంగి చూశారు. పుల్లేశు ఒక పక్కకు ఒత్తిగిలి ఉన్నాడు. ఛాతీ మెల్లగా లేస్తోంది, దిగుతోంది. గురక లేదు. ఆయన అలా చాలాసేపు నిలబడి చూశారు, పండక్కి పక్కింటి పిండివంటలు చూసినట్టు.

"లేచాకే తీసుకుంటారండి ఉద్యోగం. కూకోండి బాబుగారూ," అని అరుగు మీద చాప వేసి, దిండు తెచ్చి పెట్టింది ఆమె.

తనకు అవతల పనులున్నాయనీ, యంత్రం పెట్టుకునే వేళ కూడా అయిందనీ చెబుతూనే దక్షిణామూర్తి గారు కూర్చున్నారు. కాలవ మీదనుంచి గాలి వీస్తోంది. చెబుతున్న మాట మధ్యలోనే ఆయన తల వాలింది. కాసేపటికి మండలి ప్రాంతీయ అధికారి నోరు తెరుచుకుని, డ్రైవరు కారు దిగి వచ్చేంత గట్టిగా గురక పెట్టారు. ఒకచోట టక్కున ఆగారు. నూకరత్నం చాటలోని బియ్యం పక్కన పెట్టి వచ్చి, తప్పదన్నట్టు ఆయన డొక్కలో ఒక పోటు పొడిచి, ఒత్తిగిల్లేలా దొర్లించింది. ఆయన ఊపిరి తీసుకుని, దిండును కావలించుకున్నారు. లేపమంటారా అని డ్రైవరు అడిగితే వద్దని చెయ్యూపింది.

దీపాలు పెట్టేవేళ దాకా ఆయన కదల్లేదు. ఆ ఉద్యోగంలో చేరాక అంత మంచి నిద్ర ఆయన ఎన్నడూ పోలేదు. మర్నాడు కేంద్ర కార్యాలయం నుంచి ఆయనకొక మెమో వచ్చింది. సదరు దినమున తమరు నిద్రించినట్లు యంత్రము వద్ద ఎట్టి ఆధారమును లేదు.